కొత్త ఇన్నోవా ధరకి పాత ఆడి టీటీ

పాతిక లక్షల పైచిలుకు పోసి పాత కారు కొంటున్నానని, అదీ రెండు తలుపులదని చెబితే హైదరాబాద్‌లో ఎవరూ నేరుగా వద్దనరు. ప్రశ్నలు వేస్తారు. వెనక ఎవరు కూర్చుంటారు? స్పీడ్ బ్రేకర్ల మీద కింద తగలదా? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? రేపు నువ్వు అమ్మాలంటే ఎవరు కొంటారు? నాలుగూ న్యాయమైన ప్రశ్నలే. కొనే స్తోమత ఉన్న ప్రతివాడికీ ఇవే అనుమానాలు వస్తాయి కాబట్టే ఆ కార్ల ధర అంతలా పడిపోతుంది. మూడో తరం ఆడి టీటీ 2015 ఏప్రిల్‌లో మన మార్కెట్‌లోకి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 60 లక్షలు దాటింది. ఇప్పుడు అందులో సగం కన్నా తక్కువకే దొరుకుతోంది. ఆ డబ్బుకి కొత్త ఇన్నోవా వస్తుందని నాకు గుర్తు చేయని బంధువు లేడు.

ఆ నాలుగింట్లో ఏవి ఊరందరి ప్రశ్నలో, ఏవి నావో విడదీసుకుంటే చాలనుకున్నాను. వెనక సీటు నా ప్రశ్న కాదు. అమ్మాయి పుణేలో చదువుతోంది, ఇంట్లో అందరూ కలిసి వెళ్లడానికి హోండా సిటీ ఉంది. అమ్మడం కూడా నా ప్రశ్న కాదు, ఎందుకంటే పడాల్సిన ధర చాలావరకు మొదటి యజమాని చేతిలోనే పడిపోయింది. మిగిలినవి రెండు: రోడ్డు, మెకానిక్.

కూపే, అంటే రెండు తలుపుల కారు, అనగానే అందరూ ఫోర్డ్ మస్టాంగ్ పేరు ఎత్తుతారు. 2016లో వచ్చిన మస్టాంగ్ జీటీని నేనూ చూశాను. ఎనిమిది సిలిండర్లు, 4951 సీసీ. స్టార్ట్ చేస్తే వీధి మొత్తం తిరిగి చూస్తుంది. శ్రీనగర్ కాలనీలో మా సందు మలుపు తిప్పేటప్పుడు కూడా వీధి మొత్తం తిరిగి చూస్తుంది, ఈసారి వేరే కారణానికి. పైగా దాని ధర పెద్దగా దిగలేదు, పేరున్న కారు కదా. టీటీ పొడవు 4.18 మీటర్లు. మా హోండా సిటీ కన్నా పొట్టి. వెడల్పు మాత్రం 1.83 మీటర్లు, అది గుర్తుపెట్టుకోవాలి, ఆ సంగతి తర్వాత వస్తుంది.

టీటీ వైపు నన్ను మళ్లించింది ఆ పొట్టితనం కాదు, కొండాపూర్ దగ్గర జర్మన్ కార్లు మాత్రమే చూసే ఒక మెకానిక్. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఏ కూపే అయితే నువ్వు భయపడకుండా విప్పుతావు భాయ్ అని అడిగాను. ఆయన ఆలోచించలేదు. "టీటీ తెచ్చుకోండి సార్. పైకి ఆడి, లోపల ఆక్టావియా ఆర్‌ఎస్" అన్నాడు. నిజమే. ఈ తరం టీటీ కట్టింది ఫోక్స్‌వాగన్ సంస్థ తన చాలా కార్లకు వాడే ఎంక్యూబీ పునాది మీద. అందులోని 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, ఇవన్నీ 2017లో మన దగ్గరికి వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌లో ఉన్న కుటుంబానికి చెందినవే. హైదరాబాద్‌లో ఆక్టావియాలు బోలెడు. వాటి మీద చెయ్యి తిరిగిన వాడికి టీటీ ఇంజన్ కొత్త కాదు. టీటీకి మాత్రమే సొంతమైనవి హెడ్‌లైట్లు, తలుపుల అద్దాలు, బాడీ ప్యానెళ్లు. 2023 నవంబరులో హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీలో టీటీ తయారీ ఆగిపోయింది. అంటే ఇంజన్ చెడితే దారి ఉంది, హెడ్‌లైటు పగిలితే లేదు. ఈ ఒక్క మాట దగ్గర నా వెతుకులాట తీరు మారిపోయింది. తక్కువ తిరిగిన బండి కన్నా దెబ్బ తగలని బండి ముఖ్యం అనుకున్నాను.

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్ల షోరూములు వరసగా ఉంటాయి. అక్కడ ప్రతి కారూ ఒకే యజమానిది, ప్రతి యజమానీ విదేశాలకు వెళ్లిపోయినవాడే. కాఫీ బాగుంటుంది. కారు మెరుపు చూస్తే కొత్తదానికన్నా బాగుంటుంది, దాన్నే నేను అనుమానించడం మొదలుపెట్టాను. ఒక షోరూములో చూసిన కూపేకి (ఏ కంపెనీదో ఎందుకులెండి) సీటు బెల్టును చివరిదాకా లాగాను. మామూలుగా మనం వాడే భాగం శుభ్రంగా నల్లగా ఉంది. రీలులో చుట్టుకుని ఉండే చివరి జానెడు మట్టి రంగులో ఉంది. 2020 అక్టోబరు వానలు గుర్తున్న వాళ్లకి ఆ రంగు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఆ వారంలో నగరంలో ఎన్ని కార్లు సెల్లార్లలో మునిగాయో, వాటిలో చాలా వరకు తర్వాత ఎక్కడికో పోయి, మళ్లీ మెరుస్తూ ఎక్కడో తేలాయి. పాలిష్ చేసేవాడు బయట కనిపించేదంతా తుడుస్తాడు, బెల్టు రీలు లోపల తుడవడు. సీటు రైలు బోల్టులు కూడా చూడండి, డిక్కీ కింద స్టెప్నీ గూడు కూడా. నేను బెల్టును మెల్లగా వదిలేసి కాఫీ తాగి వచ్చేశాను.

ఇంకోచోట హర్యానా రిజిస్ట్రేషన్ ఉన్న టీటీ దొరికింది. ఇక్కడి ధరల కన్నా బాగా తక్కువ. ఉత్తరాది కార్లు ఇక్కడికి చేరడానికి కారణం ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ కార్లు పదేళ్లు, పెట్రోల్ కార్లు పదిహేనేళ్లు దాటితే తిరగకూడదన్న ఆంక్షలు వచ్చాక అక్కడ పాతవాటికి గిరాకీ తగ్గింది. కానీ తెలంగాణకు తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. ఆ పైన ఇక్కడ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం 20 లక్షలు దాటిన కార్లకు అప్పట్లో అది 18 శాతం ఉండేది. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది కానీ, లెక్క కట్టేది మనం ఇచ్చిన పాత ధర మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద. అరవై లక్షల మీద ఎంత శాతమైనా లక్షల్లోనే తేలుతుంది. అక్కడ కట్టిన పన్నులో మిగిలింది వెనక్కి అడగవచ్చు, అడుగుతూ ఉండవచ్చు. ధరలో తగ్గిందంతా పన్నులో పోయేటట్టుంటే, ఎవరు ఎలా వాడారో తెలియని బండి నాకెందుకు?

చివరికి దొరికింది సైనిక్‌పురిలో, ఒక పళ్ల డాక్టరుగారి ఇంట్లో. తెలిసినవాళ్ల ద్వారా తెలిసింది. ఎందుకు అమ్ముతున్నారండీ అని అడిగితే, "పిల్లలు పెరిగారండీ" అన్నారు. అది సాకు కాదు. టీటీ వెనక సీటు 1.45 మీటర్ల ఎత్తు లోపు వాళ్లకే అని కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. వాలుగా దిగే వెనక అద్దం మూసేటప్పుడు అంతకన్నా పొడుగువాళ్ల తలకు తగులుతుంది. డాక్టరుగారి పెద్దబ్బాయి ఆ గీత దాటేశాడు. ఇంతకన్నా నమ్మదగిన కారణం ఏ షోరూములోనూ వినలేదు.

చూడడానికి మా బావమరిదిని వెంట తీసుకువెళ్లాను. అతను ఎక్కడో వీడియోలో చూసి, జేబులో అయస్కాంతం పెట్టుకొచ్చాడు. గుద్దుకున్న చోట పుట్టీ పెట్టి రంగు వేస్తే అయస్కాంతం అంటుకోదు కదా, అదీ లెక్క. కుడి తలుపు మీద పెట్టాడు, జారిపోయింది. బానెట్ మీద పెట్టాడు, జారిపోయింది. పైకప్పు, డిక్కీ, ఎక్కడా నిలవలేదు. నన్ను పక్కకు లాగి, "బావా, ఈ బండి మొత్తం పుట్టీయే" అన్నాడు. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఈ తరం టీటీకి కింది భాగం ఉక్కు, పైన కనిపించే తొడుగు దాదాపు అంతా అల్యూమినియం. తలుపులు, బానెట్, డిక్కీ మూత, కప్పు, అన్నీ. అయస్కాంతం ఎక్కడైనా అతుక్కుని ఉంటేనే కంగారు పడాలి. ఈ సంగతి చెప్పాక బావమరిది అయస్కాంతాన్ని జేబులో పెట్టేసుకుని, అప్పటినుంచి టైర్లు చూడడం మొదలుపెట్టాడు.

అది మంచిదే అయింది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందు టైర్లు, వెనక టైర్లు వేర్వేరు సంవత్సరాలవి, అరుగుదలలో కూడా తేడా ఉంది. మామూలు కారుకైతే పట్టించుకోను. టీటీ క్వాట్రోలో ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళుతుంది, ముందు వెనక టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే వెనక చక్రాలకు బలం పంపే హాల్డెక్స్ క్లచ్ అనవసరంగా శ్రమ పడుతుంది. నాలుగూ ఒకేసారి మార్చాలి. ఆ ఖర్చు ఎంతో కాగితం మీద రాసుకున్నాను, బేరానికి పనికొస్తుందని.

పెయింటు మందం కొలిచే యంత్రం భాయ్ దగ్గర ఉంది, అల్యూమినియం మీద కూడా పనిచేసే రకం. డాక్టరుగారు బండిని కొండాపూర్ తీసుకురావడానికి ఒప్పుకున్నారు. మెకానిక్‌కి చూపిస్తాననగానే మాట మార్చే అమ్మకందార్లను అప్పటికే చూసి ఉన్నాను కాబట్టి, ఆయన ఆ ఒక్కమాటకే నా మనసులో సగం బేరం కుదిరిపోయింది. కంపెనీ పెయింటు సాధారణంగా నూటికి అటూ ఇటూ మైక్రాన్ల నుంచి నూట యాభై దాకా ఉంటుంది. చుట్టూ అలాగే వచ్చింది, వెనక బంపరుకి పైన ఉండే ఎడమ వైపు రేకు మీద తప్ప. అక్కడ మూడు వందలు దాటింది. అడగకముందే డాక్టరుగారు ఆస్పత్రి గేటు కథ చెప్పారు, బిల్లు కూడా ఫైలులో ఉంది. చాసిస్ నంబరు అద్దం అంచున చూశాం. 'టీఆర్‌యూ'తో మొదలైంది, అంటే గ్యోర్ ఫ్యాక్టరీది. ఆర్‌సీలో ఉన్న దానితో అక్షరం అక్షరం పోల్చుకున్నాం.

తర్వాత భాయ్ స్కానర్ తగిలించాడు. మీటరు మీద కనిపించే కిలోమీటర్లు మార్చడం కష్టమేమీ కాదు. కానీ కారులో ఉన్న ఇతర కంప్యూటర్లు కూడా ఎక్కడికక్కడ దూరం రాసుకుంటాయి, వాటన్నింటినీ మార్చడం శ్రమ. ఈ బండిలో అన్నీ ఒకే మాట చెప్పాయి, సర్వీసు బిల్లుల్లోని అంకెలు కూడా వరుసలో పడ్డాయి. పైకి లేపి చూస్తే కింద తగిలిన గీతలు ఉన్నాయి, ఆయిల్ చెమ్మ లేదు. ఈ తరం ఇంజన్లలో నీటి పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ దగ్గర కూలెంట్ కారడం ప్రపంచమంతా తెలిసిన జబ్బు. అది అప్పటికే మార్పించి ఉన్నారు, బిల్లు ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ 60 వేల కిలోమీటర్లకు మార్చాలి, బండి ఇంకా అంత తిరగలేదు. హాల్డెక్స్ ఆయిల్ మాత్రం కాలాన్ని బట్టి మార్చాలి. అది మారినట్టు ఎక్కడా రాసి లేదు. భాయ్ చాలా కార్లలో చూశాడట: ఆయిల్ మార్చినా, పంపు ముందు ఉండే చిన్న జల్లెడ శుభ్రం చేయరు, అది మూసుకుపోయి పంపు కాలిపోతుంది. అప్పుడు క్వాట్రో అని వెనక బోర్డు ఉంటుంది, వెనక చక్రాలకు బలం ఉండదు. ఆయన మాట అది, నేను రాసుకున్నాను. రెండో తాళం ఉందా అని చివర్లో అడిగాడు. ఉంది. లేకపోతే దాన్ని కొత్తగా చేయించుకునే ఖర్చుకి ఒక మంచి ఫోను వస్తుంది.

నడిపి చూడడం రెండు చోట్ల చేశాను. నేరేడ్‌మెట్ ట్రాఫిక్‌లో, తర్వాత కీసర దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు మీద. అందరూ రెండోదాని గురించే అడుగుతారు. అవుటర్ మీద వేగ పరిమితి 2023 నుంచి 120, అక్కడికి అది ఎంత త్వరగా చేరుతుందో చెబితే మా ఆవిడ ఈ వ్యాసం చదువుతుంది. అసలు పరీక్ష నేరేడ్‌మెట్‌లోనే జరిగింది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ గుణం వేగంలో తెలియదు, పాకేటప్పుడు తెలుస్తుంది. ఆటో వెనక అంగుళం అంగుళం కదులుతూ, ఎత్తు మీద ఆగి మళ్లీ కదులుతూ, రివర్స్‌లో ర్యాంప్ ఎక్కుతూ వణుకు వస్తుందా అని చూడాలి. రాలేదు. ఏసీ గాలి వచ్చే గుండ్రటి మూతుల మధ్యలోనే ఉష్ణోగ్రత తిప్పే మీటలు ఉన్నాయి, డ్యాష్‌బోర్డు మధ్యలో తెర అనేదే లేదు, మ్యాపు, పాటలు అన్నీ స్టీరింగ్ వెనక ఉన్న 12.3 అంగుళాల తెర మీదే. పక్కన కూర్చున్నవాళ్లకి చూడడానికి ఏమీ ఉండదు. బావమరిదికి అది నచ్చలేదు. నాకు అదే నచ్చింది.

బేరం ఎక్కువసేపు సాగలేదు. టైర్లు, హాల్డెక్స్ సర్వీసు, బ్రేక్ ఆయిల్, ఈ మూడింటి ఖర్చూ రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు 28 అడిగారు, 26న్నరకి సరేనన్నారు. కొంత నగదుగా ఇస్తే బాగుండునని ఆయన అన్నప్పుడు నేనే వద్దన్నాను. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం నిషేధం, జరిమానా పడేది తీసుకున్నవాడికి. ఆ మాట చెప్పగానే ఆయనే బ్యాంకు ఖాతా వివరాలు పంపారు.

అసలు చిక్కు అక్కడి నుంచి. ఆర్‌సీ మీద బ్యాంకు హైపోథికేషన్, అంటే అప్పుకి పెట్టిన తాకట్టు నమోదు, ఇంకా అలాగే ఉంది. అప్పు తీరి ఏళ్లయింది, బ్యాంకు అప్పుడే ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఫైలులో భద్రంగా ఉంది. కానీ ఆ పత్రానికి మూడు నెలలే గడువు. హైపోథికేషన్ తీయించకుండా దాన్ని బీరువాలో దాచుకునే వాళ్లు మన దగ్గర చాలామంది. మళ్లీ బ్యాంకు నుంచి కొత్త పత్రం, సంతకం చేసిన ఫారం 35 రావడానికి పట్టిన కాలంలో నేను ఆ కారు అద్దాల ధరలన్నీ కంఠస్థం చేశాను. అవి వచ్చేదాకా మొత్తం డబ్బు ఇవ్వనని, కొంత బయానాగా ఇచ్చి స్టాంపు కాగితం మీద రాసుకుందామని ముందే చెప్పాను. డాక్టరుగారు నొచ్చుకోలేదు.

యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి. పాత చలానాలు చూస్తే అన్నీ అతివేగానివే. బండి పరుగుకు పోలీసులే సర్టిఫికెట్ ఇచ్చారని బావమరిది అన్నాడు. అవి డాక్టరుగారే కట్టారు. స్లాట్ తీసుకుని ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు, ఫొటో, సంతకం, అంతే. కార్డు పోస్టులో వచ్చింది. నంబరు పాతదే, టీఎస్‌తోనే ఉంటుంది. 2024 మార్చి నుంచి ఇచ్చే కొత్త నంబర్లకే టీజీ.

ఇన్సూరెన్స్ విషయంలో ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి క్లెయిము లేకుండా డాక్టరుగారు సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కారుతో పాటు రాదు. పాలసీ నా పేరుకి మారగానే ఆ తేడా నేను కట్టాలి. విడిభాగాల ఖర్చులో తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్ కవర్ కూడా ఈ వయసు బండికి దొరకలేదు. అంటే ఒక హెడ్‌లైటు పగిలితే ఎక్కువ భాగం నా జేబులోంచే. పాత కూపే కొనేవాళ్లు ధర పక్కన ఈ ప్రీమియం కూడా రాసుకోవాలి.

పూజకు పెద్దమ్మ గుడికి తీసుకువెళ్లాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన అబ్బాయి బండి ఎత్తు చూసి చిన్న కాయలు ఏరాడు. అమ్మ ముందు సీట్లో కూర్చోవడానికి నా భుజం పట్టుకుంది, దిగడానికి నన్నూ మా ఆవిడనూ ఇద్దరినీ పట్టుకుంది. మళ్లీ ఎక్కనని చెప్పి హోండా సిటీలో వెనక్కి వెళ్లింది. స్పీడ్ బ్రేకర్ల సంగతి అనుకున్నంత ఘోరంగా లేదు, ఏటవాలుగా ఎక్కిస్తే చాలావరకు తగలదు. మా వీధి చివర కాలనీవాళ్లు సొంతంగా పోసుకున్న సిమెంటు దిమ్మ ఒక్కటే ప్రతిసారీ గీరుతుంది.

ఎవరూ అడగని ప్రశ్న మాత్రం సెల్లార్‌లో ఎదురైంది. రెండు తలుపుల కారుకి ఒక్కో తలుపు చాలా పొడుగు. నాలుగు తలుపుల కారు పక్కన స్తంభం ఉన్నా సందులోంచి దిగిపోవచ్చు, ఇందులోంచి దిగాలంటే తలుపు బార్లా తెరవాలి. నా పార్కింగ్ చోటుకి రెండువైపులా స్తంభాలే. కుడివైపు తలుపు తెరిస్తే మోకాలు వరకే బయటికి వచ్చేది. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారి చోటు గోడ మూల, పక్కన ఖాళీ. చోట్లు మార్చుకుందామని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు, అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు, ఇచ్చాను. ఇంకో షరతు కూడా పెట్టారు: నెలకో ఆదివారం ఉదయం అవుటర్ మీద శంషాబాద్ దాకా బండి తనకి ఇవ్వాలట. నేను పక్క సీట్లో కూర్చుంటానన్నాను. సంతకాలు అయ్యాయి. మొన్న ఆదివారం ఆయన తొంభై దాటించలేదు, దిగాక మాత్రం టైర్ల గాలి ఎంత పెడుతున్నావని గట్టిగా నిలదీశారు.